వాకుడు గింజల పొగ

మొన్న మనవరాలిని నరసరావుపేటలో పళ్ళ డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాం. ఒకటో తరగతికే మూడు దవడ పళ్ళు పిప్పిపట్టాయి. చాక్లెట్లు కొనిపెట్టేది నేనేనని కోడలి చూపులు చెబుతూనే ఉన్నాయి. నేను గోడమీద బొమ్మలు చూస్తూ కూర్చున్నాను. డాక్టరమ్మ లైటు వేసి, "పురుగులేమైనా ఉన్నాయా తల్లీ, చూద్దామా?" అని ముద్దుగా అనేసరికి నేను లేచిపోయాను. బయటికొచ్చి మెట్లమీద కూర్చున్నాను.

ఎనభైల్లో మేము గురజాలలో ఉండేవాళ్ళం. మా వీధిలో ఏ పిల్లకి పంటినొప్పి వచ్చినా మా నాయనమ్మ దగ్గరికే తెచ్చేవాళ్ళు. ఆవిడ పళ్ళెంలో నీళ్ళు పోసి, మధ్యలో ఎర్రగా కాల్చిన పెంకు పెట్టి, దానిమీద వాకుడు అనే ముళ్ళమొక్క ఎండు గింజలు, నూనె చుక్క వేసేది. పైన చిల్లున్న కొబ్బరి చిప్ప బోర్లించి, ఆ చిల్లులో బోలుగా ఉండే ఆముదపు కాడ గుచ్చేది. పిల్లలు ఆ కాడతో పొగ పీల్చి, దగ్గి, కళ్ళనీళ్ళు పెట్టుకున్నాక చిప్ప ఎత్తితే నీళ్ళలో సన్నటి తెల్లటి పురుగులు తేలేవి. ఎన్ని పురుగులు రాలాయో వీధి చివరిదాకా వినబడేట్టు చెప్పేది నాయనమ్మ. సైకిల్ షాపు సాయిబుగారు కూడా తన ముగ్గురు పిల్లల్నీ వరసగా కూర్చోబెట్టి పొగ పట్టించుకుపోయేవాడు.

ఆ ఏడు వెల్దుర్తి పిన్ని కూతురు మా ఇంట్లో ఉండి చదువుకునేది. నాకు పదేళ్ళు, తనకు ఎనిమిది. నాకేముంటే తనకూ అదే: బడి గేటు దగ్గర నిమ్మతొనలు, వంటింట్లో కాజేసిన బెల్లం ముక్క, చివరికి పిప్పిపన్ను కూడా. నాది నేను దాచుకున్నాను. తనది దాగలేదు, చెంప వాచింది. ఆదివారం నరసరావుపేట డాక్టరు దగ్గరికి తీసుకెళతానన్నాడు నాన్న. ఈలోగా నాయనమ్మ పొగ పట్టించింది.

"తొమ్మిది! చూడండి, తొమ్మిది పురుగులు! ఇంక పేటెందుకురా, ఏంది నీ చాదస్తం?" అంది. ప్రయాణం ఆగిపోయింది.

మర్నాడు మధ్యాహ్నం, ఎవరూ చూడకుండా, నా పన్ను కోసం నేనే దొడ్లో పొగ పెట్టుకున్నాను. తీరా ఘాటుకు భయమేసి కాడ నోట్లో పెట్టుకోనేలేదు. ఊరికే చిప్ప ఎత్తి చూద్దును కదా, నీళ్ళలో పురుగులు! గింజలు వేడికి చిట్లి, లోపలి మొలకలే పురుగుల్లా ఎగిరిపడుతున్నాయని అప్పుడు అర్థమైంది. అయినా చెప్పలేదు. చెబితే నా పన్ను సంగతీ బయటపడి, నాన్న చెల్లితోపాటు నన్నూ పేటకి తీసుకెళ్ళి పట్టకారుతో పన్ను పీకిస్తాడని భయం. అంతకు మించి ఏ కారణమూ లేదు.

ఆ సాయంత్రం చెల్లి నా ముందు నోరు తెరిచి, "అక్కా, చానా సలుపుతుందే. ఇంకా పురుగులున్నయేమో చూడవే" అంది. చూశాను. నల్లటి గుంట, పక్కన చీము.

"ఏం లేవే, అన్నీ పోయినయి" అన్నాను. నా మాటంటే తనకు వేదం.

నాలుగో రోజుకి వాపు గొంతులోకి దిగింది. మింగుడు పడలేదు, ఊపిరి కష్టమైంది. జీపులో గుంటూరు బయలుదేరారు. సత్తెనపల్లి దాటాక ఇంక అవసరం లేక జీపు వెనక్కి తిరిగింది.

నాయనమ్మ ఆ తర్వాత ఎవరికీ పొగ పట్టించలేదు. "పదో పురుగు మిగిలిపోయిందే, నాకు కనపళ్ళా" అని తనలో తను గొణుక్కునేది. పక్కనే కూర్చుని విన్నాను, అప్పుడూ చెప్పలేదు. పిన్ని వచ్చినప్పుడల్లా నా తల నిమిరి, "మీరు చేయాల్సిందంతా చేశారు తల్లీ" అనేది. ఇప్పటికీ పళ్ళు తోముకుంటూ అద్దంలో నోరు తెరిస్తే, వెనకనుంచి ఎవరో తొంగిచూస్తున్నట్టే ఉంటుంది.

ఎప్పటికైనా చెబుదామనే అనుకున్నాను. ముందు నాయనమ్మ, తర్వాత నాన్న, పోయినేడు పిన్ని, ఒక్కొక్కరే పోయారు. కాలం గడిస్తే ధైర్యం వస్తుందనుకున్నాను. అది వచ్చేసరికి వినాల్సినవాళ్ళు ఒక్కరూ మిగల్లేదు.