రోమ్ దారిలో వెనకబడిన ఆవిడ

మొన్న ఫోన్లో చిన్నది అడిగింది, "నానమ్మా, నువ్వెందుకు ఆల్వేస్ తాతయ్య షర్ట్ పట్టుకుని నడుస్తావ్? పడిపోతావా?" అని. పడిపోనమ్మా. నా మోకాళ్ళు మీ తాతయ్య మోకాళ్ళ కన్నా నయం. చొక్కా అంచు పట్టుకుంటే ఆయనకి వెనక ఒక మనిషి ఉందని గుర్తుంటుంది, అంతే. ఆ మాట చెప్పేసి పోపు మాడిపోతోందని వెళ్ళిపోయాను కానీ, అది సగం జవాబే. మిగతా సగం చెప్పాలంటే రోమ్ నగరం దాకా వెళ్ళాలి. మీరిద్దరూ అక్కడ డాలస్ పక్కన ప్లేనోలో, నేను ఇక్కడ ఫ్రీమాంట్‌లో మీ అత్త ఇంట్లో. ఫోన్లో ఇంత పొడుగు కథ చెబితే మధ్యలోనే "నానమ్మా, గాట్టా గో" అంటారు. అందుకని రాస్తున్నాను. మీ నాన్న చదివి వినిపిస్తాడు.

పెద్దదానికి ఇదంతా కొంత తెలుసు. వాళ్ళ ఆరో తరగతి పిల్లలు రోమ్ ఎలా పుట్టిందో నాటకం వేశారు కదా, ఆ వేషాలు పంచిన రోజు సాయంత్రం అది నాకు ఫోన్ చేసి ఒకటే ఏడుపు.

"నానమ్మా, నాకు వుల్ఫ్ రాలేదు."

"తోడేలా? తోడేలు వేషం కోసం ఏడుస్తారటే ఎవరైనా?"

"నీకు తెలీదు. అదే బెస్ట్ పార్ట్. రోములస్, రేమస్ అని ట్విన్ బేబీస్‌ని రివర్‌లో వదిలేస్తే ఆ వుల్ఫే పాలిచ్చి పెంచుతుంది. వాళ్ళే పెద్దయ్యాక రోమ్ కడతారు. వాల్ కడుతూ ఫైట్ చేసుకుంటారు. ఒకడు ఇంకొకణ్ణి చంపేస్తాడు."

"గోడ దగ్గర అన్నదమ్ముల గొడవ అన్నమాట. మన వీధిలోనూ చూశాను. సరే, నీకేం వచ్చింది?"

"వైఫ్."

"ఎవరి వైఫ్?"

"ఈనియస్ వైఫ్. వాళ్ళు ట్విన్స్ కన్నా చాలా ముందు. నాకు ఒక్క డైలాగ్ కూడా లేదు నానమ్మా!"

అప్పుడు ఆ కథ చెప్పించుకున్నాను. ట్రాయ్ అనే ఊరు శత్రువుల చేతికి చిక్కి తగలబడిపోతోంది. ఈనియస్ అనేవాడు ఇంటిల్లిపాదినీ తీసుకుని బయటపడాలి. నడవలేని ముసలి తండ్రిని భుజాల మీద ఎక్కించుకున్నాడు. కొడుకు చెయ్యి పట్టుకున్నాడు. ఇంటి దేవుళ్ళ విగ్రహాలు మాత్రం తండ్రి చేతిలో పెట్టాడట. యుద్ధం చేసి వచ్చిన చేతులు కదా, పారే నీళ్ళలో కడుక్కునేదాకా దేవుళ్ళని ముట్టుకోకూడదట.

"వియర్డ్ కదా?" అంది.

"వియర్డేముందే? మైల. మీ ముత్తవ్వ కూడా అదే చెప్పేది." ఎక్కడో సముద్రాల అవతలి మనుషులు ఒక్క మాటతో మన వంటింట్లోకి వచ్చి కూర్చున్నట్టనిపించింది. అంతవరకూ ఆ అబ్బాయి మీద నాకు మంచి అభిప్రాయమే ఉంది.

"మరి పెళ్ళాం?"

"వెనకాల రమ్మంటాడు. కొంచెం దూరంగా."

"వచ్చిందా?"

"రాలేదు. మధ్యలో మిస్ అయిపోతుంది. సేఫ్ ప్లేస్‌కి వెళ్ళాక అందర్నీ చూసుకుంటే ఆవిడ లేదు."

"దారి పొడుగునా ఒక్కసారైనా వెనక్కి తిరిగి చూడలేదా?"

"లేదు. అందుకే నేను జస్ట్ నడిచి కర్టెన్ వెనక్కి వెళ్ళిపోవాలి."

నేను గట్టిగా అరిచే మనిషిని కాదని మీకు తెలుసు. కానీ ఆ రోజు ఫోన్ టేబుల్ మీద పెట్టేసి కాసేపు అటూ ఇటూ తిరిగాను. హాల్లో సోఫాలో కాళ్ళు చాపుకుని మీ తాతయ్య న్యూస్ చూస్తున్నారు. ఆయన తల వెనక భాగం చూస్తే నాకు ఒళ్ళు మండింది. ఎందుకంటే, పిల్లలూ, ఆ వెనకబడిన ఆవిడ నాకు బాగా తెలుసు.

పెద్దదానా, అప్పటికి నీకు మూడేళ్ళు కూడా నిండలేదు. కొన్నాళ్ళు మా దగ్గర పెంచి, నిన్ను మళ్ళీ మీ అమ్మానాన్నల దగ్గరికి మేమిద్దరం తీసుకొస్తున్నాం. అమెరికాలో దిగాక ఇంకో ఫ్లైట్ మారాలి. మన ఇంటి దేవుళ్ళని కూడా అప్పుడే తెచ్చాం. దేవుళ్ళని సామానులో పడేసి విసిరేసేవాళ్ళ చేతికి ఇవ్వం కదా, అందుకని పట్టు పంచెలో చుట్టి ఒక చేతిసంచిలో పెట్టుకున్నాం. స్నానం లేని ఒంటితో విగ్రహాల్ని ముట్టుకోకూడదు కనక మీ తాతయ్య ఆ సంచినే పసిబిడ్డలా ఎత్తుకుని నడుస్తున్నారు. ఇంకో చేత్తో నీ చెయ్యి పట్టుకున్నారు. ముగ్గురి పాస్‌పోర్టులూ ఆయన జేబులోనే. నా చేతుల్లో నీ పాలసీసాల సంచి, స్వెట్టర్లు, పచ్చడి డబ్బా, నీ బొమ్మ. నేను వెనక. పెళ్ళైన నాటి నుంచీ ఆయన ముందు, నేను వెనకే, అది కొత్తేం కాదు. కళ్యాణ మండపం నుంచి బయటికి వచ్చేటప్పుడే ఆయన కొంగుముడి లాక్కుంటూ నడిచారు.

ఆ విమానాశ్రయంలో ఒక టెర్మినల్ నుంచి ఇంకో దానికి చిన్న రైలు ఉంటుంది. డ్రైవరు ఉండడు, తలుపులు వాటంతటవే తెరుచుకుంటాయి, వాటంతటవే మూసుకుంటాయి. నీ బొమ్మ కింద పడింది. వంగి తీసుకుని లేచేసరికి మీరిద్దరూ లోపల, నేను బయట. అద్దంలోంచి మీ తాతయ్య వీపు కనిపిస్తోంది. పిలిచాను. "ఏమండీ!" అని, నా గొంతుకి తగ్గట్టు కాదు, ఒళ్ళంతా గొంతు చేసుకుని పిలిచాను. ఆ రైల్లో మనవాళ్ళే సగం మంది. చదువుకోవడానికి వచ్చే పిల్లల్ని దింపడానికి వచ్చిన తండ్రులు, మాలాంటి పెద్దవాళ్ళు. ఎంతమంది మగవాళ్ళు తిరిగి చూశారో! ఒకాయన "నన్నేనా" అన్నట్టు గుండె మీద చెయ్యి పెట్టుకున్నాడు కూడా. మీ తాతయ్య మాత్రం తిరగలేదు. రైలు వెళ్ళిపోయింది.

నా దగ్గర ఫోన్ లేదు, టికెట్ లేదు. యూనిఫాంలో ఉన్న ఒకావిడ వచ్చి, మైకులో పిలిపిస్తాను, మీ ఆయన పేరేమిటని అడిగింది. ఆ ప్రశ్న అర్థమైంది. జవాబు కూడా తెలుసు. కానీ ఆ పేరు నేను అంతవరకూ నోటితో ఎప్పుడూ పలకలేదు. గుళ్ళో అర్చన చేయించేటప్పుడు కూడా ఆయనే చెప్పుకునేవారు. నోరు తెరిచాను, మూశాను. "గ్రాండ్ డాటర్ దేర్, బ్లూ ఫ్రాక్" అన్నాను. ఆవిడ జాలిగా చూసింది. ఆవిడ చేతిలో మైకు ఉంది, నా నోట్లో పేరు ఉంది, రెండూ కలవలేదు.

రైళ్ళు వస్తున్నాయి, పోతున్నాయి. కదిలితే ఇంకా తప్పిపోతానని అక్కడే నిలబడ్డాను. చాలాసేపటికి ఎదురు వైపు రైలు దిగి వచ్చారు మీ తాతయ్య, చంకలో దేవుళ్ళు, చేతిలో నువ్వు. వచ్చి అన్న మొదటి మాట, "ఇక్కడే ఉండిపోయావేం?"

"ఎక్కడ చూసుకున్నారు నేను లేనని?" అన్నాను.

"ముందు పద, ఫ్లైట్ వెళ్ళిపోతుంది."

డాలస్‌లో దిగాక మీ నాన్నతో, "ఒక్క గీత కూడా పడకుండా దేవుళ్ళని తెచ్చానురా" అని గొప్పగా చెప్పుకున్నారు. నన్నూ తెచ్చారు మరి. ఆ ముక్క ఎవరూ అనలేదు.

మళ్ళీ ఫోన్ తీసి ఇదంతా పెద్దదానికి చెప్పాను. ఏడుపు మానేసి విన్నది.

"నువ్వు పక్కనే ఉన్నావు కదే. తాతయ్య ఎప్పుడు వెనక్కి తిరిగారో గుర్తుందా?"

"నాకు ట్రైన్ గుర్తుంది నానమ్మా. ఇట్ వాజ్ సో ఫాస్ట్." వెంటనే, "నువ్వు తాతయ్యని నేమ్‌తో పిలవాల్సింది. ఈనియస్ పిలిచాడు తెలుసా? మళ్ళీ ఫైర్‌లోకి వెళ్ళి వైఫ్ నేమ్ అరుస్తూ వెతుకుతాడు. అప్పుడు ఆవిడ ఘోస్ట్‌లా వస్తుంది."

"వచ్చి ఏమంటుంది?"

"ఏడవకు, ఇదంతా గాడ్స్ ప్లాన్, నీకు వేరే చోట ఇంకో క్వీన్ దొరుకుతుంది, వెళ్ళు అంటుంది. కానీ టైమ్ లేదని టీచర్ ఆ సీన్ తీసేసింది."

తీసేయడమే మంచిదయింది. అంత మెత్తటి మాట ఆవిడ అన్నదంటే నేను నమ్మను. మంటల్లో ఒంటరిగా వదిలేస్తే, వచ్చి ఓదార్చి, రెండో పెళ్ళికి దారి కూడా చూపించిందట! ఆ కథ చెప్పుకున్నది మంటలు దాటుకుని వెళ్ళిపోయినవాళ్ళు. వాళ్ళకి ఆ మాట కావలసి వచ్చింది, ఆవిడ నోట్లో పెట్టారు.

నాటకానికి వస్తానని మాట ఇచ్చాను, వచ్చాం. నా తెల్ల మంగళగిరి చీరని పిన్నులతో మడతలు పెట్టి పెద్దదానికి కట్టాను. స్కూల్ ఆడిటోరియంలో మీ తాతయ్య ముందు వరుసలో ఒక్క కుర్చీ ఖాళీగా కనిపించగానే వెళ్ళి కూర్చున్నారు. నేను, చిన్నది, మీ అమ్మానాన్నలు వెనకెక్కడో. ఇది కూడా రాయకపోతే నాకు తృప్తి ఉండదు.

తోడేలు రాకముందే ట్రాయ్ తగలబడింది, ఎర్ర లైట్లు వేశారు. ఈనియస్ వేషం వేసిన పిల్లవాడు దూది కుక్కిన తండ్రి బొమ్మని వీపుకి కట్టుకుని నడుస్తున్నాడు. వెనకాల కాస్త దూరంలో మన పిల్ల. తెర అంచు దాకా వచ్చింది. ఇక లోపలికి వెళ్ళిపోవాలి. వెళ్ళలేదు. నిలబడింది. రెండు చేతులూ నోటి దగ్గర పెట్టుకుని, "ఏమండీ!" అని అరిచింది.

హాలంతా నవ్వులు. ఎంతమంది తెలుగు నాన్నలు కుర్చీల్లో ఉలిక్కిపడ్డారో! మీ అమ్మ "ఓ మై గాడ్" అని ముఖం కప్పుకుంది. ఈనియస్‌కి తిరగకూడదని నేర్పారు కాబట్టి పాపం వాడు ముందుకే వెళ్ళిపోయాడు. ముందు వరుసలో మీ తాతయ్య మాత్రం, స్టేజీ వైపు కాదు, వెనక్కి తిరిగారు. అన్ని తలల మధ్య నన్ను వెతికారు. నేను కనిపించాను. ఏదో అనబోయినట్టు పెదవులు కదిలాయి. అంతలో తోడేలు వచ్చేసింది, అందరూ చప్పట్లు కొట్టారు.

ఈసారి చెబుతారనుకున్నాను. పార్కింగ్ లాట్‌లోకి రాగానే ఆయన మళ్ళీ ముందు, పెద్ద పెద్ద అంగలు. పరుగులాంటి నడకతో వెళ్ళి చొక్కా అంచు పట్టుకున్నాను. చిన్నది చూసింది ఇదే, మీ ఇంట్లో ఉన్నన్నాళ్ళూ ఎక్కడికెళ్ళినా ఇలాగే నడిచాను.

"ఏమండీ, ఆ రోజు రైల్లో..."

"మళ్ళీ మొదలెట్టావా? వచ్చాను కదే నీ కోసం."

"వచ్చారు. కాదనడం లేదు. ఎప్పుడు చూసుకున్నారని అడుగుతున్నాను."

"వీడు కారు ఏ వైపు పెట్టాడో!" అన్నారాయన, తల అటూ ఇటూ తిప్పి కారు కోసం వెతుకుతూ.

నేను చొక్కా వదల్లేదు. అడగాల్సింది కూడా వదల్లేదు, రోజూ నాలో నేను అడుగుతూనే ఉన్నాను: తలుపులు మూసుకున్నప్పుడా, అవతల రైలు దిగినప్పుడా, లేక విమానం గేటు దగ్గర టికెట్లు చూసే అమ్మాయి మూడో పాస్‌పోర్టు తెరిచి, ఈ మనిషేదీ అన్నప్పుడా, ఎక్కడండీ మీరు వెనక్కి తిరిగి చూసింది?