వంటమ్మ వండిన అడవి బెండాకు

పోయిన మంగళవారం పొద్దున కుప్పం నుంచి ఫోన్ వచ్చింది. సదుం దగ్గర మా బడిలో పదహారేళ్లు పిల్లలకు వండిపెట్టిన వంటమ్మ, కూతురింట్లో నిద్రలోనే పోయిందట. ప్రార్థనప్పుడు ఒక్క నిమిషం మౌనంగా నిలబడదామని హెడ్మాస్టరును అడిగాను. "ఆమె స్టాఫ్ కాదు కదా సార్, రికార్డులో లేదు" అన్నాడు. రికార్డులో ఆమె ఉంది. ఎట్లా ఉందో చెప్పడానికే ఇది రాస్తున్నాను.

నేను ఆ బడిలో సైన్సు చెప్తాను. బెండ, గోగు, పత్తి, మందారం ఒకే కుటుంబమని బోర్డు మీద రాసి చదివించేవాణ్ణి. పిల్లలు అప్పజెప్పి మరిచిపోయేవాళ్లు. వంటమ్మ మాత్రం వాళ్లను బడి వెనక గట్ల మీదికి తీసుకుపోయి పువ్వు విప్పి చూపించేది. "ఐదు రెక్కలు. నడుమన కడ్డీ మాదిరి లేసుండాది, సూడు. ఇదీ బెండోళ్ల చుట్టమే. మొగం సూస్తే తెలీదా?"

గోగాకు అందరూ తింటారు. వానలు పడగానే గట్ల మీద మొలిచే అడవి బెండను కూడా ఆమె వదిలేది కాదు. లేత చిగుళ్లు, చిటికెన వేలంత కాయలు కోసి, గోనెపట్టలో వేసి నూగు పోయేదాకా రుద్ది, బాగా కడిగి, చింతపండు పులుసు పోసి పప్పులో ఉడికించేది. పులుపు తగిలితే జిగురు విరుగుతుంది. ఆ పప్పు పెట్టిన రోజు ఏ పిల్లా ఆకు ఏరి పక్కన పెట్టేది కాదు. నేనూ రెండోసారి వడ్డించుకునేవాణ్ణి.

టమోటా ధర కొండెక్కిన ఒక వానాకాలం మదనపల్లె నుంచి ఒక అధికారి తనిఖీకి వచ్చాడు. గిన్నెలో గరిటె తిప్పి, "ఏమ్మా, ఇదేం ఆకు?" అన్నాడు.

"అడవి బెండాకు సామీ. గట్టు మీద కోసుకొస్తి."

"పిల్లలకు గడ్డి పెడుతున్నావా?"

"గడ్డి కాదు సామీ. ఒక ముద్ద తిని సూడు."

తినలేదు. కుర్చీలో కూర్చుని, పిల్లలకు కలుపు మొక్కలు వండి పెడుతున్నారని రాశాడు. ఆ పప్పు తిన్న ఏ బిడ్డకూ ఏనాడూ కడుపునొప్పి రాలేదు. ఆ సంగతి కాగితం మీదికి ఎక్కలేదు. సాక్షి సంతకాలు కావాలన్నాడు. అప్పటి హెడ్మాస్టరు తన సంతకం చేసి, పెన్ను నా చేతికిచ్చాడు.

వంటమ్మ కొంగుతో చేతులు తుడుచుకుంటూ వాకిట్లో నిలబడి ఉంది. "మొన్న నువ్వూ తింటివి గదా అయ్యోరా. ఎట్లుండాదో సెప్పు" అంది.

నేను కాగితం మీదికి వంగాను. సంతకం పెట్టాను. ఆ మొక్క ఏ కుటుంబానిదో పిల్లలకు పాఠం చెప్పే మనిషిని, మొన్ననే దాన్ని అడిగి మరీ వడ్డించుకున్న మనిషిని, నోరు మూసుకుని సంతకం పెట్టాను.

మరుసటి వారం నుంచి ఆమెను రావద్దన్నారు. కొన్నేళ్లు పుంగనూరు సంతలో ఆకుకూరలు అమ్మింది. మోకాళ్లు మొరాయించాక కుప్పంలో కూతురి దగ్గర చేరింది.

పోయినేడు మా బడికి ఒక రంగుల పోస్టరు వచ్చింది. పంపింది ఆ తనిఖీ అధికారి శాఖే. గట్ల మీద దొరికే ఆకులు బలమైన ఆహారమనీ, మధ్యాహ్న భోజనంలో వాడాలనీ. కింది వరసలో అడవి బెండ బొమ్మ. నాకు ఒళ్లు మండిపోయింది. ఆ పాత కాగితం తప్పని ఒక్క ముక్క రాసివ్వమని అర్జీ పెట్టాను. బదులు లేదు. మళ్లీ పెట్టాను. "పాత ఫైళ్లు తిరగదోడొద్దు సార్" అని ఫోన్లో చెప్పారు. వాళ్లకు అది ఫైలు.

పోస్టరును ఫోటో తీసుకుని కుప్పం వెళ్లి ఆమెకు చూపించాను. ఫోను కళ్లకు దగ్గరగా పెట్టుకుని చూసింది. "ఇది ముదురాకు అయ్యోరా. ఇది వండితే బిడ్డలకి గొంతు గీసకపోతాది. చిగురే కొయ్యాలని రాపియ్యి."

క్షమించమని అడిగాను. ఆమె మెత్తబడలేదు. "నువ్వు సంతకం పెట్టకున్నా నీ ఉద్యోగం యాడికీ పోయుండదు. నా పని పోయింది" అంది. కూతుర్ని పిలిచి, "అయ్యోరికి అన్నం పెట్టు" అంది. ఆ రోజు నాతో అబద్ధమాడనందుకు ఆమెకు దండం పెడుతున్నాను.

ఆ మంగళవారమే సెలవు పెట్టి కుప్పం వెళ్లాను. మా బడిలో చదివిన ఆడపిల్లలు తొమ్మిదిమంది వచ్చారు. ఇప్పుడు బట్టల ఫ్యాక్టరీలో పని. షిఫ్టుకు పోతూ పోతూ కంపెనీ బస్సు ఆపించుకుని, యూనిఫారాలతోనే దిగారు. ఆడవాళ్లు పూడ్చే గుంత దగ్గరికి రాకూడదని ఒక పెద్దాయన అడ్డం వచ్చాడు.

"ఆమె మాకు అన్నం పెట్టింది తాతా. మేం మన్ను వెయ్యాల" అని ఒక పిల్ల ఆయన్ను దాటుకుని నడిచింది. తక్కినవాళ్లు ఆమె వెనకే.

డ్రైవరు హారన్ కొడుతుంటే చేతులు కడుక్కోకుండానే బస్సెక్కారు. బస్సు కదిలింది. కిటికీ కమ్మీలు పట్టుకున్న ఆ వేళ్లకు ఎర్రమన్ను ఇంకా తడిగానే ఉంది.