అత్తయ్య పుస్తకాలు ఊళ్లమీద పడ్డ వేసవి

పోయిన నెల ఒక మంగళవారం, బళ్లో ఏడో తరగతి పిల్లల చేత పద్యం అప్పజెప్పించుకుంటుంటే నాన్న ఫోన్ చేశాడు. "అత్తయ్య వెళ్లిపోయిందమ్మా" అన్నాడు. పొద్దున కాఫీ తాగి, పేపరు మడిచి పక్కన పెట్టి, కాసేపు నడుం వాలుస్తానని పడుకుందట. మళ్లీ లేవలేదు. నాన్నకు ఒక్కతే అక్క. డెబ్బై దాటినా ఆ రోజు దాకా తన పని తనే చేసుకుంది.

ఏడ్చాను. కానీ గుంటూరు బస్సులో కిటికీ పక్కన కూర్చున్నాక నా మనసు ఆ వేసవి వైపే పరుగెత్తింది. ఎక్కడో నవ్వు కూడా వచ్చేసినట్టుంది, పక్కన కూర్చున్నావిడ నన్ను వింతగా చూసింది. ఆవిడకు చెప్పలేకపోయాను. మీకు చెబుతాను.

అత్తయ్య దర్శి చుట్టుపక్కల పల్లెల్లో ముప్ఫయ్యేళ్లు నర్సుగా పనిచేసింది. పెళ్లి చేసుకోలేదు. ఎందుకని అడిగితే "తీరికేదే?" అనేది. పగలు కాన్పులు, టీకాలు, జ్వరాలు. మిగతా వేళంతా పుస్తకాలు. మీటింగుకని ఒంగోలో గుంటూరో విజయవాడో ఎప్పుడు వెళ్లినా, పాత పుస్తకాలు పరిచి అమ్మే పేవ్‌మెంటు చూడకుండా తిరిగొచ్చేది కాదు. బస్సులో రెండు మోకాళ్ల మధ్య సంచీ ఇరికించుకుని కూర్చునేది. ఇంటికొచ్చాక ప్రతి పుస్తకానికీ పాత క్యాలెండరు కాగితంతో అట్ట వేసి, మొదటి పేజీలో పెన్సిలుతో ఒక ముక్క రాసేది. ఎప్పుడు కొన్నదీ రాయదు. "ఒంగోలు. మాడిపోయే ఎండ. చెప్పు తెగింది." "బస్సు రాలేదు. ఇందులో సగం స్టాండులోనే చదివాను." ఇలాంటివి.

రిటైరయ్యేనాటికి అవి మూడు వేలు దాటాయి. దర్శిలో ఆవిడ అద్దెకుండే మేడమీది రెండు గదుల్లో మంచానికి తప్ప దేనికీ చోటు లేదు. రెండువేల సంవత్సరం దాటిన కొత్తల్లో ఇంటివాళ్లు ఆ ఇల్లు పడగొట్టి కొత్తది కట్టుకుంటామని చెప్పారు. తొలకరి లోపు ఖాళీ చెయ్యాలి. అత్తయ్య గుంటూరులో మా ఇంటికి వచ్చేయడానికి ఒప్పుకుంది. అయితే మాది కూడా చిన్న ఇల్లే. మూడు వేల పుస్తకాలు ఎక్కడ పెడతాం? డిగ్రీ పరీక్షలు అయిపోయి నేను ఖాళీగా ఉన్నాను. సర్దడానికి సాయం చెయ్యమని నాన్న నన్ను పంపాడు. రెండు రోజుల పనని రెండు జతల బట్టలతో వెళ్లాను. నలభై రోజులు ఉన్నాను.

ముందు తేలిక దారే పట్టాం. దగ్గర్లో ఒక కాలేజీ వాళ్లు అన్నీ మేమే తీసుకుంటామని సంబరంగా చెప్పారు. మిర్చి గోతాల్లో నింపి, నోళ్లు కుట్టి, ట్రాక్టరు మీద పంపించేశాం. పది రోజుల తర్వాత అత్తయ్య చూసొద్దామంది. గోతాలు విరిగిన బల్లల గదిలో ఒకదాని మీద ఒకటి పడి ఉన్నాయి. మేం వేసిన కుట్లు అలాగే ఉన్నాయి. ఒక గోతం కింద నేల తడిగా ఉంది. వచ్చే ఏడాది బీరువాలు వస్తాయమ్మా అన్నాడు అక్కడి గుమాస్తా. అత్తయ్య ఆ గోతాన్ని పొడి నేల మీదికి లాగి, మళ్లీ ట్రాక్టరు మాట్లాడుకు రమ్మంది.

ఇంటికి చేరాక మెట్ల దగ్గర అంది: "నేను ఏ ఇంటికి వెళ్లినా ముందు లోపల మనిషి ఎట్టా ఉందో చూసేదాన్ని. పుస్తకాల దగ్గర ఆ బుద్ధి ఏమైందే నాకు? ఇంటింటికీ నేనే పోతాను. ఎవరికేది కావాలో అడిగి, చేతిలో పెట్టి వస్తాను."

మూడు వేల పుస్తకాలు, ఒక్కో ఇంటికీ. నేను కళ్లు తేలేశాను. ఆవిడ మాత్రం అప్పుడే ఏ ఊరితో మొదలెట్టాలో వేళ్లమీద లెక్కపెడుతోంది.

కోటయ్యది ట్రాలీ ఆటో. సీజన్లో మిర్చి తోలతాడు, మిగతా రోజుల్లో మైకు పెట్టి ఉల్లిపాయలు అమ్ముతాడు. అతని ముగ్గురు పిల్లలూ అత్తయ్య చేతుల మీదే పుట్టారు. అడగ్గానే వచ్చాడు. మొదటి ఊరు చేరగానే అలవాటుగా మైకు తీసుకుని "పుస్తకాలమ్మా పుస్తకాలు, నర్సమ్మ గారి పుస్తకాలు" అని కేకేశాడు. అత్తయ్య కోప్పడేలోపే జరగాల్సింది జరిగింది. నర్సమ్మ అన్న మాట వినబడగానే వీధిలో పిల్లలందరూ ఇళ్లలోకి దూరి తలుపులేసుకున్నారు. సూదులనుకున్నారు! ఒక తల్లి తన ఇద్దర్నీ రెక్కలు పట్టుకుని ఈడ్చుకొచ్చి మా ముందు నిలబెట్టింది, "ముందు వీళ్లకెయ్యండమ్మా" అంటూ.

గోతం విప్పితే ఇంకో వింత. మిర్చి ఘాటు పుస్తకాలకు పట్టేసింది. ఎవరు తెరిచినా తుమ్మే. తుమ్మిన ప్రతివాళ్లూ నవ్వారు, నవ్వినవాళ్లు దగ్గరికొచ్చారు. ఆ రోజు పదిహేడు పుస్తకాలు వెళ్లాయి. సాయంత్రం ఆటోలో అత్తయ్య ఎవరెవరికి ఏది వెళ్లిందో మళ్లీ మళ్లీ చెప్పుకుంటూ, చిన్నపిల్లలా కాళ్లాడిస్తూ కూర్చుంది.

ఆవిడ ఇచ్చే పద్ధతే వేరు. రోగిని అడిగినట్టు అడిగేది. ఏ వేళ తీరిక దొరుకుతుంది, కళ్లు మండుతాయా, ఎప్పుడైనా ఏదైనా చదువుతూ ఏడ్చావా. ఆ తర్వాతే గోతంలో చెయ్యి పెట్టేది. ఆకాశం, నక్షత్రాలు అంటే పడిచచ్చే ఒక పత్తి రైతు ఆ పుస్తకాలన్నీ తనకే కావాలని అద్దంకి నుంచి స్కూటరు మీద వచ్చాడు. అత్తయ్య ఒక్కటే ఇచ్చింది. "ఇది చదివి నాకొచ్చి చెప్పు. మందు మొత్తం ఒకేసారి మింగరు నాయనా" అంది. మూడో రోజు పొద్దున్నే మళ్లీ వచ్చాడు. మెట్ల మీద గంటసేపు గ్రహాల గురించి చెప్పి, మిగతా అయిదూ గెలుచుకుని వెళ్లాడు.

ఒక ఊళ్లో మిర్చి కల్లం దగ్గర ఆగాం. ఆడవాళ్లు కూర్చుని రంగు పోయిన తాలుకాయలు ఏరుతున్నారు. వాళ్లలో సుశీలమ్మ ఒక్కతే చదవగలదు, అదీ కూడబలుక్కుని. హత్య చేసిందెవరో చివరిదాకా తెలియని నవల ఒకటి అత్తయ్య ఆమె చేతిలో పెట్టింది. నాలుగు రోజుల తర్వాత అదే దారిన వెళుతుంటే ఆమెను గట్టు మీద కూర్చోబెట్టి, ఆమె వంతు కాయలు కూడా మిగతావాళ్లే ఏరుతున్నారు. ఆమె పైకి చదువుతోంది. పని సాగట్లేదని అరవడానికి వచ్చిన కల్లం ఆసామి గోతం మీద కూర్చుని వింటున్నాడు. మమ్మల్ని చూసి లేచి, "చంపింది ఆ తమ్ముడేనా నర్సమ్మ గారూ? మీకు తెలుసుగా, చెప్పండి" అన్నాడు. ఆడవాళ్లంతా చెప్పొద్దని గోల చేశారు. అత్తయ్య నోటి మీద వేలేసుకుని ఆటో ఎక్కేసింది. ఆ నవ్వు ఊరు దాటేదాకా ఆగలేదు.

ఒక్కచోట మాత్రం ఆవిడ చెయ్యి వెనక్కి తగ్గింది. నాగమణిది దర్శి పక్క పల్లె. చీరాలలో మగ్గాలున్న ఇంటికి కోడలిగా వెళ్లి, రెండో కాన్పుకి పుట్టింటికొచ్చింది. అక్కడ చీరల అంచులకు గళ్ల కాగితం మీద బొమ్మలు గీసేది ఆమేనట. గోతంలో పెద్ద పక్షుల బొమ్మల పుస్తకం ఆమె కంటబడింది. పొరపాటున వచ్చింది, దాన్ని ఇంటి దగ్గరే ఉంచాలని అత్తయ్య అనుకుంది. నాగమణి ఒళ్లో పెట్టుకుని ఒక్కో పేజీ తిప్పుతోంది. ఊపిరి కూడా మెల్లగా తీస్తోంది. "ఇది ఇస్తారా అమ్మా?" అని అడిగింది.

"అది ఇచ్చేది కాదమ్మా" అంది అత్తయ్య.

నాగమణి పమిటతో అట్ట తుడిచి తిరిగిచ్చింది. దారంతా కోటయ్య మైకు తీయలేదు. ఇంటికొచ్చి అత్తయ్య ఆ పుస్తకం తెరిచింది. అది ఆవిడ మొదటి జీతంతో కొన్నది. లోపల పెన్సిలుతో ఉంది: "నాన్న తిట్టాడు. అయినా సరే."

"పదేళ్లలో దీన్ని నేనెన్నిసార్లు తెరిచుంటాను?" అంది. తనే చెప్పింది: "రెండుసార్లు. రెండుసార్లూ దుమ్ము దులపడానికే."

మర్నాడు నేను లేచేసరికి అత్తయ్య ఇంట్లో లేదు. కోటయ్య కోసం కూడా ఆగకుండా మొదటి బస్సుకే వెళ్లిపోయింది. ఎండెక్కాక తిరిగొచ్చింది, ముఖం వెలిగిపోతోంది. చెప్పులు విడవకుండానే మొదలెట్టింది. "ఎవరైనా నెమలి దగ్గర ఆగుతారే. ఆ పిల్ల వడ్రంగిపిట్ట దగ్గర ఆగింది! దాని తల మీది ఎరుపు రంగు ఎట్టా తేవాలా అని నన్నడుగుతోంది!"

రెండేళ్లకు నా పెళ్లికి ముందు చీరాల నుంచి అత్తయ్య పేరున పార్సిలొచ్చింది. గోధుమరంగు చీర, అంచు పొడుగునా ఎర్రటి తలలతో వడ్రంగిపిట్టలు. పెళ్లిలో అత్తయ్య అదే కట్టుకుంది. వచ్చినవాళ్లు పెళ్లికూతుర్ని చూడకుండా ఆవిడ అంచు పట్టుకుని చూస్తుంటే నాకు కాస్త కుళ్లు కూడా వేసింది.

ఆ పుస్తకం ఇచ్చాక ఇక ఆవిడకు అడ్డు లేకుండా పోయింది. మాట ఊరూరా పాకింది. మేం వెళ్లకముందే మా కోసం ఎదురుచూసే ఊళ్లు వచ్చాయి. రోజుకు రెండొందల పుస్తకాలు పోయిన రోజులూ ఉన్నాయి. ఒకచోట అత్తాకోడళ్లు ఒకే పుస్తకం కోసం పోట్లాడుకుంటే, అత్తగారికి ముందు సగం చదివే హక్కు, కోడలికి వెనక సగం అని తీర్పు చెప్పింది. వాళ్లు నిజంగా అలాగే చదివారట. ఆ తర్వాత కథ తెలియక ఒకర్నొకరు అడుక్కోవాల్సి వచ్చిందట. దాంతో వంటింట్లో మాటలు మొదలయ్యాయని కోటయ్య భార్య వచ్చి చెప్పింది.

జూన్‌లో మొదటి వాన పడిన రోజుకి గదులు ఖాళీ. పుస్తకాల వెనక సున్నం ఎన్నేళ్లయినా తెల్లగానే ఉంది. అత్తయ్య గదులు ఊడ్చి, తాళం ఇంటివాళ్ల చేతికిచ్చి, ఒక ట్రంకుపెట్టెతో గుంటూరు బస్సెక్కింది. మా ఇంట్లో దిగులు పడుతుందేమోనని అందరం భయపడ్డాం. నాలుగు రోజులు బుద్ధిగా టీవీ చూసింది. అయిదో రోజు చెప్పకుండా ఎటో పోయింది. నాన్న కంగారుపడి వీధి చివరిదాకా వెళ్లాడు. పొద్దుగూకే వేళకు రిక్షాలో దిగింది, మోకాళ్ల మధ్య సంచీ ఇరికించుకుని.

నాన్న నెత్తి కొట్టుకున్నాడు. "ఏంది అక్కా ఇది మళ్లీ?"

"గోడలు బోసిగా ఉన్నాయిరా" అంది.

నిన్న పెద్దకర్మ అయిపోయింది. ఆవిడ గదిలో ఇప్పుడు నాలుగు వందల దాకా పుస్తకాలున్నాయి. ఏం చేద్దామని ఇంట్లో ఎవరూ అడగలేదు. అడగాల్సిన అవసరం ఎవరికీ తోచలేదు. ఈ ఉదయం నేను గది తలుపు తీసి కూర్చుంటే, మా వీధి మలుపులో బండి పెట్టుకుని ఇస్త్రీ చేసే ఆమె మొహమాటంగా వచ్చి గుమ్మం దగ్గర నిలబడింది. అమ్మగారు తనకో పుస్తకం ఇస్తానన్నారని, దసరా దాకా వచ్చేంత మందపాటిది కావాలని తనే అడిగానని చెప్పింది. అన్నిటికంటే లావుగా ఉన్నది తీసి ఇచ్చాను. రెండు చేతులూ చీరకు తుడుచుకుని అందుకుంది.

కాసేపటికి బట్టల మూట పట్టుకుని నేను కిందికి వెళ్లాను. ఆమె చూడలేదు. బండి మీద ఎవరిదో తెల్ల చొక్కా ఒక చెయ్యి మాత్రమే ఇస్త్రీ అయి ఉంది. ఇస్త్రీపెట్టెలో బొగ్గులు బూడిద కడుతున్నాయి. పుస్తకాన్ని చొక్కా పక్కన తెరిచిపెట్టి, ఒక్కో అక్షరం మీదా వేలు నడుపుతూ, పెదాలు కదుపుతూ ఆమె చదువుతోంది. నేను మూట చంకలో పెట్టుకుని, ఆమె పేజీ తిప్పేదాకా వేపచెట్టు నీడలో నిలబడ్డాను.