మెదడు కణాలూ మా చెల్లె బిడ్డా

ఎలుక పిల్లల మెదడు కణాలను గాజు గిన్నెల్లో పెంచడం నా ఉద్యోగం. కొన్ని గిన్నెలకు థైరాయిడ్ హార్మోన్ వేస్తాం, కొన్నిటికి వేయం. వేయని గిన్నెల్లో కణాలు బతికే ఉంటాయి గానీ ఎదగడానికి కావలసిన ఎంజైములు సరిగా తయారు కావు. ఆలస్యంగా వేస్తే కొన్ని ఇక కోలుకోవు. ఇదంతా నాకు కంఠతా వచ్చు. అందుకే ఆ రోజు నా మీద నాకే ఒళ్లు మండింది.

చెల్లె కాన్పుకని సెలవు పెట్టి బోధన్ వచ్చాను. పాప ఏడ్చేదే కాదు. పాలకు కూడా మేమే లేపాలి. చూడవచ్చిన వాళ్లందరూ ఎంత బుద్ధిమంతురాలో అని మెచ్చుకున్నారు. ఇన్నేళ్లు ఆ గిన్నెల ముందు కూర్చున్న నేనూ మెచ్చుకున్నాను. తొమ్మిదో రోజు పొద్దున నిజామాబాద్ ఆసుపత్రి నుంచి ఫోన్ వచ్చింది. అక్కడ కాన్పైనప్పుడు పాప మడమ నుంచి తీసిన రక్తంలో థైరాయిడ్ లోపం కనిపిస్తోందట, ఇవాళే తీసుకురమ్మన్నారు.

మా అమ్మ, మేం అవ్వ అంటాం, గుమ్మానికి అడ్డం నిలబడింది. మా ఇంట్లో ఇరవయ్యొకటో రోజు దాకా పసిపిల్లను గడప దాటించరు.

“పచ్చి పురుడు. గీ సలిగాలిల ఏడికి తీస్కపోతవ్? పన్నెండు రోజులు ఆగితే ఏమైతది?”

“మెదడు ఎదుగదు అవ్వా! పోయినంక మల్ల రాదు!” అని అరిచాను. అవ్వ మీద అంత గొంతు ఎప్పుడూ లేపలేదు. చెల్లె ఏడుపందుకుంది. అవ్వ పాపను కొంగులో చుట్టుకొని ముందు తనే కారెక్కింది. దారిలో చెరకు ట్రాక్టర్లు అడ్డమొస్తే వాటినీ తిట్టాను.

డాక్టరమ్మ మళ్లీ రక్తం తీసింది. ఫలితం కోసం ఆగకుండా మాత్ర మొదలుపెట్టమంది. నలిపి తల్లిపాలలో కలిపాం. చెంచా అవ్వ తీసుకొని పట్టింది. పాప గుటక వేసేదాకా దాని గొంతే చూస్తూ ఉన్నాను.

తిరిగి వస్తుంటే అవ్వ మెల్లగా అడిగింది.

“నీ గిన్నెలల్ల గిట్ల జర ఆలస్యంగ మందు పడ్డయి మంచిగనే పెరిగినయా బిడ్డా?”

ఎంజైము కొలవాలంటే కణాలను పగలగొట్టాలి. కొలత రాగానే గిన్నె కడిగేస్తాం. ఇన్నేళ్లలో ఒక్కదాన్నీ చివరిదాకా పెరగనిచ్చి చూసింది లేదు. నాకు చాలా భయమేసింది.

“పెరిగినయి అవ్వా” అన్నాను.