అప్పలస్వామి గారి పరామర్శ

మొన్న మా ఇంట్లో ఇన్వర్టర్ లోపల ఏదో మాడింది. ఆ ఘాటు వాసన ముక్కుకు తగలగానే "అయ్యో, ఎలా పోయాడు?" అన్నాను. మా ఆవిడ హడలిపోయింది. తప్పు నాది కాదు, అప్పలస్వామి గారిది.

భిలాయి ఉక్కు ప్లాంటులో కంట్రోల్ ప్యానెళ్లకు వైరింగ్ చేసి రిటైరయ్యాక, ఆయన ఆ ఊళ్లోనే ఖుర్సీపార్‌లో రిపేరు షాపు పెట్టారు. తొంభైల చివర్లో డిప్లొమా ముగించి నేను అక్కడ పనికి చేరాను. ఆయన కట్టిన వైరింగ్ జడ అల్లినట్టుండేది. తీగలన్నీ ఒకే కట్టగా, మైనపు దారంతో ముడులు వేసి, మూలల్లో కొలిచినట్టు వంచేవారు. ఇక షాపు ఆచారం ఏమిటంటే, ఏ భాగం కాలినా చావింటికి వెళ్లినట్టు కూర్చుని పరామర్శించాలి. కారణం తేలనిదే డబ్బాలోంచి కొత్తది ఇవ్వరు. "పోయినోడి మంచమ్మీద ఇంకోడ్ని పడుకోబెడితే రోగం పోద్దేట్రా?" అనేవారు.

ఆ ఏడు వినాయక చవితి పందిరికి తనంతట తానే మోగే గంట చేసిపెడతానని ఆయన ఊరంతా చెప్పుకున్నారు. లారీ బ్యాటరీతో నడిచే కాయిల్ ఇనుప సుత్తిని లాగి గంటను కొట్టాలి. ఒక్కో దెబ్బకు బోలెడు కరెంటు కావాలి. దాన్ని వేసి ఆపేది మాస్‌ఫెట్ అనే మూడుకాళ్ల నల్లటి స్విచ్చి. దాని గేటు కాలికి చిన్న సంకేతం అందితే చాలు. గంట ఠంగుఠంగుమని రెండుసార్లు మోగేది, మూడోసారికి పొగ. చవితి పొద్దుటికి డబ్బాలో ఒక్క మాస్‌ఫెట్ మిగిలింది. పండగకి పవర్ హౌస్ బజార్లో దుకాణాలు మూసేశారు. "చాచా, ఘంటీ బజేగీ కి నహీ?" అని, గంట మోగుతుందో లేదో తేల్చమంటూ పందిరి కమిటీ ప్రెసిడెంటు గుమ్మంలోంచే అరిచి వెళ్లాడు. సాయంత్రం హారతికి గంట మోగకపోతే మా మేస్త్రి గారి పరువు గంగలో కలిసినట్టే.

ఇద్దరం పరామర్శకు కూర్చున్నాం.

"ఎలాగ పోనాడ్రా?"

"వేడెక్కి పోయాడండీ."

"ఎందుకు ఏడెక్కినాడు? ఆపగానే కాయిల్ ఎనక్కి తన్నిన కరెంటు దెబ్బకేటి?"

"దానికి డయోడు అడ్డం పెట్టాం కదండీ."

నాకు అప్పటికే అనుమానం ఉంది. బల్లమీద తీగలు చిందరవందరగా ఉన్నన్నాళ్లూ ఒక్కటీ కాలలేదు. ఆయన అందంగా కట్ట కట్టాకే చావులు మొదలయ్యాయి. గేటు తీగ, కాయిల్ తీగ ఒకే జడలో ఒరుసుకుంటూ మూరెడు దూరం నడుస్తున్నాయి. పెద్ద తీగలో కరెంటు ఎగిసిపడ్డప్పుడల్లా గేటు తీగ ఉలిక్కిపడుతోంది. స్విచ్చి పూర్తిగా తెరుచుకోక, పూర్తిగా మూసుకోక, మధ్యలో ఉడికిపోతోంది.

"మేస్త్రి గారూ, ఆ కట్ట..." అని నసిగాను.

ఆయన గేటు తీగ వెంట వేలు నడిపి, కాయిల్ తీగను ఒరుసుకున్న చోట ఆపారు. నా ఉద్యోగం ఊడిందనుకున్నాను.

"అయితే సంపినోడే పరామర్శకొచ్చి కూకున్నాడన్నమాట," అని కత్తెర తీశారు. నేను కోస్తానంటే ఇవ్వలేదు. "నాను కట్టినాను, నానే కోత్తాను."

ఒక్కో ముడీ తెగుతుంటే ఆయన మొహం చూడలేకపోయాను. గేటు తీగను బెత్తెడుకు కుదించి, దాని తిరుగు తీగతో మెలిపెట్టి, కాయిల్ తీగలకు దూరంగా పెట్టాం. అంతా కాకిగూడులా తయారైంది.

హారతికి గంట మోగింది. పూజారి ఇక ఆపమని చేతులు జోడించేదాకా మోగింది. జనం ఆ వైరింగ్ పెట్టె చుట్టూ మూగితే ఆయన దానికి అడ్డం నిలబడి, "మూత తీకండి బాబూ, లోపల తల దువ్వుకోలేదు," అన్నారు.

ఆ మనిషంటే నాకు ఇప్పటికీ ప్రాణం. మొన్న ఆయన్నే తలుచుకుంటూ ఇన్వర్టర్ మూత తీశాను. లోపల నేనే చేసిన వైరింగ్, జడలా ముద్దొస్తూ ఉంది. కత్తెర తెమ్మని మా ఆవిడను కేకేశాను.