సార్ రాసిన సవరణ

పోయిన గురువారం పొద్దున టిఫిన్ డబ్బా కడుగుతుంటే గద్వాల నుంచి ఫోన్ వచ్చింది. "మీ సార్ పోయిండు బిడ్డా. చాయ్ పెట్టుమన్నడు, తాగకుండనే పోయిండు" అంది ఆయన భార్య. నా నోట ముందుగా వచ్చిన మాట, "అయ్యో, ఇయ్యాల ఫోన్ చేద్దామనుకున్ననమ్మా" అని. చావు కబురు వింటూ అనాల్సిన మాటేనా అది! కానీ నిజం. అప్పటికి వారం నుంచీ నా టేబుల్ మీద ఒక కాగితం ఉంది. దాని గురించి అడగడానికి నాకు ఆయన తప్ప వేరే దిక్కు లేదు.

ఆయన మా సూపరింటెండెంట్. మాది నాగర్‌కర్నూల్‌లో రోడ్లు, కల్వర్టుల పనులు చూసే చిన్న సర్కారు ఆఫీసు. నా భర్త అందులోనే పనిచేస్తూ చనిపోతే, కారుణ్య నియామకం కింద నాకు జూనియర్ అసిస్టెంట్ ఉద్యోగం ఇచ్చారు. చేరిన రోజు అందరూ నన్ను జాలిగా చూశారు. సార్ మాత్రం, "అన్నం తెచ్చుకున్నవా? లేకుంటే నా డబ్బల సగం తిను. జొన్నరొట్టె, కారం ఎక్కువుంటది, ఏడ్పుకు సాకు దొరుకుతది" అన్నారు.

శాసనసభలో సభ్యులు మంత్రులను అడిగే ప్రశ్నలు మెట్లు దిగీ దిగీ చివరకు మాలాంటి వాళ్ల టేబుళ్ల మీద పడతాయి. ఆఫీసులో వాటిని ఎల్ఏక్యూ అంటాం. ఫలానా పని మంజూరైందా, పూర్తయిందా, కాకపోతే కారణాలేమిటి అని అ, ఆ, ఇ ముక్కలుగా ఉంటాయి. నక్షత్రం గుర్తున్న వాటికి మంత్రి సభలో లేచి జవాబు చెప్తారు. గుర్తు లేని వాటికి రాసిచ్చేదే జవాబు. గుర్తు లేనివంటే మా వాళ్లందరికీ లోకువ, సార్‌కు మాత్రం అవే ముద్దు. "నోటి మాట గాలికి పోతదమ్మా. రాసింది యాడికి పోతది? పదేండ్లకైనా తీసి మొఖం ముందట పెడ్తరు" అనేవారు.

ప్రశ్న రాగానే కళ్లద్దాలు తుడుచుకుని మూడుసార్లు పైకి చదివేవారు, అడిగిన మనిషి ఎదురుగా కూర్చున్నట్టు. మేం నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నవ్వేవాళ్లం. తర్వాత సైటు మీదున్న ఇంజనీరుకు ఫోన్. "రిపోర్టు సంగతి కాదు నాయనా, నువ్వు కండ్లతోటి చూసినవా?"

ఒక మాటంటే ఆయనకు ఒళ్లు మంట. "ఉత్పన్నం కాదు." పని పూర్తయిందా అంటే 'అవునండీ' అని రాస్తే, కారణాలేమిటన్న ముక్కకు 'ఉత్పన్నం కాదు', అంటే ఆ ప్రశ్నే పుట్టదు అని రాసి చేతులు దులుపుకోవచ్చు. 'లేదండీ' అని రాస్తేనే చిక్కు. కారణం చెప్పాలి, కారణం వెనక ఎవరో ఒక మనిషి ఉంటాడు. "కడుపుల పిల్ల కాళ్లతోటి తంతుంటె ఉత్పన్నం కాలేదంటె అయితదా?" అని విసుక్కునేవారు.

ఆ మాట నేనే రాశాను. సార్ జ్వరంతో గద్వాలలో ఉన్న రెండు రోజుల్లో, తెలకపల్లి అవతల ఒక ఊరి వాగు మీద కల్వర్టు గురించి ప్రశ్న వచ్చింది. సాయంత్రానికి జవాబు కావాలన్నారు. ఫీల్డు రిపోర్టులో 'పూర్తి' అని కనబడింది. అది ఖర్చు అంచనా పూర్తి అని, పని పూర్తి కాదని, పక్క గడి చూస్తే తెలిసేది. నేను చూడలేదు. అవునండీ, ఉత్పన్నం కాదు అని రాసిచ్చాను. ఆఫీసరు సంతకం పెట్టారు. అది సభ దాకా పోయి అచ్చయింది.

నెల తర్వాత ఆ ఊరి ఆశా కార్యకర్త జవాబు జిరాక్సు పట్టుకుని వచ్చింది. ప్రశ్న అడిగిన సభ్యుడి దగ్గర తెచ్చుకుందట. "కల్వర్టు అయిపోయిందని రాసిండ్రు గద మేడం. యాడుందో జర చూపియ్యుండ్రి. నిండు చూలాలిని మంచం మీద ఏసుకొని వాగు దాటిస్తున్నం. మీ కల్వర్టు మీదికెళ్లి పోతె మాకు గూడ అల్కగైతది, మోసే బాధ తప్పుతది" అంది. తిట్టలేదు, కేకలెయ్యలేదు.

సార్ ఆ కాగితం తీసుకుని నేరుగా ఆఫీసరు గదిలోకి పోయారు. వెనకే నేను. తప్పు సరిచేస్తూ సవరణ పంపాలన్నారు.

"సవరణంటె మంత్రిగారు సభల లేచి తప్పు చెప్పినమని ఒప్పుకోవాలె. అటెన్క మనం బతుకుతమా?" అన్నాడు ఆఫీసరు.

"చీరె నేస్తుంటె పోగు తెగితే ఆడ్నే ముడెయ్యాలె సార్. మడత పెట్టినంక ఎవ్వనికి చేతకాదు." సార్‌ది మగ్గాల ఇల్లు.

"రాసిందెవరు?"

నా ప్రొబేషన్ ఇంకా అయిపోలేదు. ఇంట్లో ఏడో తరగతి చదివే కూతురు. నోరు తెరుద్దామనుకున్నాను, తెరవలేదు.

"నేనే" అన్నారు సార్.

"మీరు లీవుల ఉన్నరు గద?"

"ఫోన్ల చెప్పిన. నా మాటే రాసింది."

రిటైర్మెంటుకు ఏడు నెలలుందనగా ఆయన్ని అచ్చంపేటకు బదిలీ చేశారు. సార్ పట్టుబట్టి రాసిన సవరణ కాగితం పైకి పోయి 'పరిశీలనలో ఉంది' అని అక్కడే కూర్చుంది. పోయే రోజు, నిజం చెప్పేస్తానని ఏడ్చాను. "చెప్తువులే. గిప్పుడు గాదు. కాళ్లు నిలదొక్కుకున్నంక చెప్పు" అన్నారు.

నిలదొక్కుకున్నాను. సీనియర్ అసిస్టెంట్ అయ్యాను, ఇప్పుడు ఆయన కుర్చీలోనే సూపరింటెండెంట్‌ని. చెప్పలేదు. ఇవాళా రేపా అనుకుంటూ, ఆ ఆఫీసు గోడల మధ్యే ఏళ్లు గడిపాను. అచ్చంపేట నుంచి ఫోన్ చేసి, "ఈడ కోతులెక్కువ, ఎల్ఏక్యూలు తక్కువ" అని నవ్వించేవారే కానీ ఒక్కసారైనా ఆ ఊసెత్తలేదు. తిట్టి ఉంటే నాకు ఊపిరాడేది.

గురువారమే గద్వాల పోయాను. బస్సు బీచుపల్లి దగ్గర కృష్ణ దాటుతుంటే అందరూ ఆంజనేయుడికి దండం పెట్టుకున్నారు. నాకు చేతులు లేవలేదు. ఇంట్లో ఆయన భార్య నా చెయ్యి పట్టుకుని అడిగింది: "ఒక్క మాట చెప్పు బిడ్డా. సర్వీసు ఆఖర్ల అచ్చంపేటకు ఎందుకేసిండ్రు? ఎన్నిసార్లడిగినా చెప్పలే. మీ సార్ ఏం తప్పు చేసిండు?"

ఇంట్లో కూడా చెప్పలేదన్నమాట! "ఏం చెయ్యలేదమ్మా" అన్నాను. ఆమె నా మాట నమ్మలేదు.

టేబుల్ మీది కాగితం సంగతి మీకు చెప్పాలి. వేరే సభ్యుడు, గుర్తు లేని ప్రశ్న. (అ) ఫలానా కల్వర్టు పూర్తయినట్లు గతంలో ఇచ్చిన జవాబు వాస్తవమేనా? (ఆ) కాకపోతే కారణాలేమిటి? ఇప్పటి ఆఫీసరు, "పాత జవాబే దించుండ్రి మేడం, పరేషాన్ ఎందుకు" అన్నాడు.

శుక్రవారం రాశాను. (అ) కాదండీ. (ఆ) 'అంచనా పూర్తి' అన్నదాన్ని 'పని పూర్తి' అని చదివిన తప్పు ఈ కింద సంతకం చేసినవారిది. అప్పటి సూపరింటెండెంటు ఆ రోజు సెలవులో ఉన్నారు, వారికి సంబంధం లేదు. కల్వర్టు నేటికీ కట్టలేదు.

పొట్టి సంతకం కాదు, పూర్తి పేరు రాశాను. ఫైలు ఆఫీసరు టేబుల్ మీద ఉంది. నాలుగు రోజులైంది. లోపల బెల్లు మోగినప్పుడల్లా లేచి నిలబడుతున్నాను.