జానెడు విడిచిన తెరచాప

ఇది జరిగినప్పుడు నాకు రాయడం రాదు. సంతకం అడిగితే వేలిముద్ర వేసేదాన్ని. నోటితో చెబితే విన్నవాళ్లు తలా ఒక ముక్క కలిపారు. సముద్రం మీద నా గొంతు వినిపించిందని ఒకరు, పడవలో ఆడమనిషి నీడ కనిపించిందని ఇంకొకరు. అవేవీ లేవు. అందుకే మా చెల్లెలి కూతురు శోభ దగ్గర కూర్చుని, రెండేళ్లు పట్టి అక్షరాలు నేర్చుకున్నాను. జరిగినంతే రాస్తున్నాను.

దయ్యాలను నేను ఎప్పుడూ నమ్మలేదు. పెళ్లయిన కొత్తలో కోహీర్ దగ్గర స్మశానం పక్కనున్న చేనుకు కావలి పడుకున్నదాన్ని. అక్కడ అడవి పందులకు భయపడ్డాను, ఇంక దేనికీ కాదు.

మాది జహీరాబాద్. నా పని బొంతలు కుట్టడం. పాత చీరలు పొరలుగా పరిచి నల్ల నూలు దారంతో చేత్తో కుడతాను. నాది ఎడమచేతి వాటం. అందుకని నా కుట్టు అందరి కుట్టులా కాక, ఎడమవైపుకు వాలి ఉంటుంది. చూడగానే నాదని మా వాడలో ఎవరైనా చెబుతారు.

శోభ, ఇంకో ముగ్గురు ఆడపిల్లలు కలిసి ఇంజన్ లేని చెక్కపడవ మీద, గాలినే నమ్ముకుని, కాకినాడ నుంచి చెన్నై దాకా పోవాలనుకున్నారు. దారిలో ఊరూరా ఆగి, సముద్రంలో చేరుతున్న ప్లాస్టిక్ గురించి చెప్పాలని వాళ్ల ఆశ. అందుకు గుర్తుగా, పారేసిన ప్లాస్టిక్ బస్తాలతో కుట్టిన తెరచాపనే చూపించాలట. "మన వాగుల పారేసిన యూరియా బస్తా మంజీరల పడి, గోదాట్ల కలిసి, సముద్రందాంక పోతది పెద్దమ్మా," అంది శోభ. మేము నవ్వాం. సముద్రం చూసినవాళ్లు మా వాడలో ఒక్కరూ లేరు. అయినా ఆడవాళ్లం కలిసి వాగులో బస్తాలు ఏరి, కడిగి ఆరేశాం. వాళ్లు తెచ్చిచ్చిన మందపాటి గుడ్డ మీద వాటిని వేసి, తెల్ల నైలాన్ దారంతో మిషన్ మీద ఇరవై రోజులు కుట్టాను.

మా అమ్మ పద్ధతి ఒకటుంది. ఇంట్లో ఎవరైనా దూరం పోతుంటే వాళ్ల బొంత అంచు జానెడు కుట్టకుండా విడిచేది. వాళ్లు తిరిగొచ్చాక ఆ జానెడూ కుట్టేది. పని మిగిలి ఉంటే మనిషి వస్తుందని ఆమె నమ్మకం. నేను కూడా తెరచాప కింది అంచున, మూలకు దగ్గరగా, శోభ కోసం జానెడు విడిచాను.

తెరచాప తీసుకుపోవడానికి శోభతో పాటు ఆ ముగ్గురిలో ఒకతె, నూకరత్నం వచ్చింది. కాకినాడ దగ్గర చేపలు పట్టేవాళ్ల ఇంటి పిల్ల. పడవ నడిపేది ఆమే. వలలో చేపల కంటే కవర్లు ఎక్కువ పడుతున్నాయని వాళ్ల నాన్న వల మడిచి పెట్టేశాడట. మా ఇంట్లో రెండు జొన్నరొట్టెలు తిని, మూడోది దారిలో తింటానని మూట కట్టుకుంది. తర్వాత తెరచాప అంచంతా వేళ్లతో తడుముతూ వచ్చి ఆ సందు దగ్గర ఆగింది.

"చాపలో సందుంటే గాలి అక్కడే చెయ్యి పెడుతుందండీ," అంది.

మా అమ్మ పద్ధతి చెప్పాను. ఆమె ఆ సందు మీద జానె పెట్టి కొలిచింది. "సరేలెండి, ఉండనివ్వండి. మరి నాకో?" అంది.

"ఒక్క చాపకు ఎన్ని సందులు పెడ్తరు బిడ్డా? నువ్వు సముద్రంల పుట్టినదానివి. నీకేం ఫికర్?"

"అయితే నన్ను సముద్రానికే వదిలేశారన్నమాట," అని నవ్వింది. నేనూ నవ్వాను.

పడవ బయలుదేరిన నాలుగో రోజు. చలి ఇంకా పోలేదు. మధ్యాహ్నం అన్నం తిని వాకిట్లో గోడకు ఆనుకుని కూర్చున్నాను. కన్ను అంటుకుంది. పక్కింటి ఖైరున్నీసా భుజం పట్టి ఊపితే లేచాను. ఆమె మధ్యాహ్నం నమాజు చదువుకుని చాట కోసం వచ్చింది.

"ఏమైంది అక్కా? పిలిస్తే పలుకవు. ఒళ్లో బట్ట లేదు, చెయ్యి మాత్రం కుడుతనే ఉన్నది," అంది.

నా ఎడమచేతిలో సూది ఉంది. అందులో నల్ల దారం మూరెడు మిగిలి ఉంది. ఆ రోజు నేను సూదుల డబ్బా దించలేదు. అది లోపల అటక మీద ఉంది. వేళ్లు తడిగా ఉన్నాయి. ఆరాక తెల్లగా పొడి మిగిలింది. నాలుకకు తగిలించుకుంటే ఉప్పు. అది చెమట పట్టే కాలం కాదు.

సాయంత్రం శోభ ఫోన్ చేసింది. రత్నం సముద్రంలో పడిపోయింది. దొరకలేదు.

ఆ తర్వాత పది రోజులు ఒకటే ఆలోచన. నేను విడిచిన సందులోనే గాలి చెయ్యి పెట్టిందా? నా మూలానే ఆ పిల్ల పోయిందా? శోభను ఫోన్‌లో అడగడానికి నోరు రాలేదు.

శోభ తెరచాప మూట తీసుకుని ఇంటికి వచ్చింది. జరిగింది చెప్పింది. రెండు గంటల వేళ గాలి ఒక్కసారి తిరిగిందట. తెరచాప కట్టిన వాసం తిరిగి వచ్చి రత్నం తలకు కొట్టిందట. రెండు అలల దాకా చెయ్యి కనిపించిందట. చీకటి పడేదాకా వెతికారు. జాలర్లు ఇంకో మూడు రోజులు వెతికారు.

"చాప చినిగిందా?" అని అడిగాను.

"లేదు పెద్దమ్మా. గా గాలికి కూడ అది నిలవడ్డది. అందుకే మేం ముగ్గురం ఒడ్డుకొచ్చినం."

మూట విప్పి మూల వెతికాను. జానెడు సందు మూసి ఉంది. నల్ల నూలు దారం, చేతి కుట్టు, ఎడమవైపుకు వాలి. చివర ముడి కూడా నేను వేసే ముడే.

పంపేముందు నేనే కుట్టి ఉంటానంది శోభ. నేను కాదన్నాను. రేవులో బయలుదేరిన పొద్దున తీసిన ఫోటో ఆమె ఫోన్‌లో ఉంటే చూశాం. సందులోంచి వెలుతురు కనిపిస్తోంది. పడవలో ఉన్న దారం తెల్ల నైలాన్ ఒక్కటే. ఆ పొట్లం విప్పనే లేదు. మిగిలిన ముగ్గురిదీ, రత్నందీ కుడిచేతి వాటమే.

ఇప్పటికీ దీనికి కారణం నాకు తెలియదు. ఎవరైనా చెబితే వింటాను. నన్ను తినేసే ప్రశ్న మాత్రం వేరే ఉంది. అంత దూరం పోయిన చెయ్యి, పక్కనే పడిపోతున్న పిల్లను ఎందుకు పట్టుకోలేదు?

మర్నాడు పొద్దున్నే తెరచాపను వాకిట్లో పరిచాను. నల్ల కుట్టు పక్కనే, రత్నం కోసం తెల్ల దారం జానెడు విప్పాను. సూదికి నల్ల దారం ఎక్కించి, ఆ సందు అంచున గుచ్చి వదిలేశాను.